ఇంటిపని సహా

తడి దుప్పటి ఒక కొసని కుళాయికి చుట్టి, రెండో కొసని ఎడమచేత్తో మెలిపెడుతోంది ఆమె. కుడిచెయ్యి నడుం దగ్గరే ఉండిపోయింది. అది భుజం దాటి పైకి లేచి నాలుగు నెలలయింది. అటుగా వెళ్తున్న భర్త ఆగి చూశాడు. "ఒంటిచేత్తో బాగానే అలవాటైందే. డ్యూటీలో కూడా అలాగే లాక్కొచ్చెయ్యొచ్చుగా," అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే సలహా చెప్పాడు. అందుకే ఆమెకి మరీ ఒళ్లు మండింది.

ఆమె ఆసుపత్రి లాండ్రీలో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. నాలుగు నెలల కిందట ఒకరోజు పెద్ద యంత్రంలో దుప్పట్లు ఒకదానికొకటి చుట్టుకుని మోకులా బిగుసుకుపోయాయి. కాలు తన్నిపెట్టి లాగింది. భుజంలో ఏదో పుటుక్కుమంది. పనిలో తగిలిన దెబ్బకి వైద్యమూ, సెలవు జీతమూ యాజమాన్యమే ఇవ్వాలి. కాకపోతే ముందు వాళ్లు పంపిన డాక్టరు చూసి, నిజమేనని రాయాలి.

ఆ పరీక్షకి భర్త తోడొచ్చాడు. డాక్టరు చెయ్యి ఎత్తమన్నాడు, వెనక్కి తిప్పమన్నాడు. కాగితం మీంచి తల ఎత్తకుండానే, "ఇంట్లో వంటా అదీ ఎవరు చేస్తారు?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు. "ఆవిడేనండీ. వంట, గిన్నెలు, బట్టలు, అన్నీ. మా అమ్మకి స్నానం కూడా తనే చేయిస్తుంది. ఒక్కపూట కూడా బయట్నుంచి తెప్పించుకున్నది లేదు."

పెళ్లయిన పందొమ్మిదేళ్లలో తన పనులన్నీ వరసగా అతని నోట వినడం ఆమెకి అదే మొదటిసారి. సిగ్గుచేటు గానీ, ఆ క్షణం ఆమెకి సంతోషమే కలిగింది. పదిరోజులకి రిపోర్టు వచ్చింది. 'ఇంటి పనులన్నీ యథావిధిగా చేసుకుంటున్నట్టు భర్త స్వయంగా తెలిపారు. ఉద్యోగానికి తగిన స్థితిలో ఉన్నారు.'

"నాకేం తెలుసు? మంచిమాటే కదా చెప్పాను," అన్నాడు భర్త.

మర్నాటి నుంచి మళ్లీ డ్యూటీ. మూడోరోజుకి తడిబట్టల బుట్ట చేతిలోంచి జారి కాళ్లమీద పడింది. సూపర్‌వైజర్ విసుక్కున్నాడు. "ఫిట్ అని రాశారుగా, మళ్లీ ఈ నాటకాలేంటి?" పక్క యంత్రం దగ్గర పనిచేసే ఆవిడని అందరూ పొడుగక్క అంటారు. ఆవిడ బుట్ట ఎత్తిపెడుతూ, గొంతు తగ్గించి చెప్పింది. "నెలలోపు రెండో డాక్టర్ని అడిగే హక్కు నీకుంది. అర్జీ నేను రాసిపెడతాను. కానీ ఈసారి నీ నోటితో నువ్వే మాట్లాడు, పిల్లా."

బుధవారానికి పిలుపు వచ్చింది. "నేను రానులే," అన్నాడు భర్త. "ఇంట్లో ఏ పనీ చెయ్యట్లేదని చెప్పెయ్. ఒక్క మాటతో పోతుంది."

అప్పట్నుంచి ఆమె కాలు ఒకచోట నిలవలేదు. 'ఏ పనీ చెయ్యట్లేదు.' ఈ మాట ఆమెకి కొత్తేమీ కాదు. చుట్టాలొస్తే, 'డ్యూటీ నుంచొచ్చాక ఇంట్లో ఏముంటుందిలే తనకి' అంటాడు. ఒకరోజు కూర మాడితే, 'ఉన్నదే నలుగురికి వంట, అదీ చేతకాదా' అన్నాడు. అత్తగారికి నీళ్లుపోస్తూ చెంబు ఎత్తలేక పళ్లబిగువున మూలిగితే, 'నొప్పులదేముంది అమ్మాయ్, నేనూ ఇలాగే లాక్కొచ్చాను' అంది ఆవిడ, ఓదార్పుగానే. చేసినంతకాలం అది పనే కాదు. డాక్టరు అడిగితే మాత్రం తను డ్యూటీ చెయ్యగలదనడానికి అదే రుజువు. ఇప్పుడు దాన్ని ఒక్కమాటతో తుడిచెయ్యమంటున్నాడు భర్త. అబద్ధం చెప్పడానికి ఆమెకి భయం లేదు. కానీ ఈ అబద్ధం మాత్రం నోటికి రావట్లేదు. బియ్యం కడుగుతూ, బస్సులో నిలబడి, ఆ మాటని లోపల్లోపలే పలికి చూసుకుంది. పలికినప్పుడల్లా తనే ఆ ఇంట్లో లేనట్టు అనిపించింది.

రెండో డాక్టరు నడివయసు స్త్రీ. కొలబద్ద పట్టి చెయ్యి ఎంతవరకు లేస్తుందో మూడుసార్లు చూసింది. తర్వాత అదే ప్రశ్న వేసింది. "ఇంట్లో పనులు చేసుకుంటున్నారా?"

"చేస్తున్నానండీ," అంది ఆమె. "అన్నీ చేస్తున్నాను. ఎలా చేస్తున్నానో కూడా రాసుకుంటారా?"

డాక్టరు కలం ఆపి తల ఎత్తింది. "చెప్పండి."

చెప్పింది. అన్నం గిన్నె దించడానికి మోచెయ్యి గట్టుకి ఆనించుకునేది, సీసాని మోకాళ్ల మధ్య పెట్టి మూత తిప్పేది, అత్తగారి వీపు రుద్దాక చెయ్యి గంటసేపు వణికేది, జడ వేసుకోలేక జుట్టు కత్తిరించుకున్నది. ఎక్కడా ఏడవలేదు. డాక్టరు రెండు పేజీలు రాసింది. కొత్తగా తీయించిన స్కాన్‌నీ, దెబ్బ తగిలినప్పటి పాతదాన్నీ పక్కపక్కన పెట్టింది.

"భుజం కండరంలో చిరుగు పెద్దదైంది. అస్సలు విశ్రాంతి లేదు కదా. ఆపరేషన్ తప్పదు, ఆరువారాలు చెయ్యి కట్టులో ఉండాలి. పనికి పంపొద్దని రాస్తున్నాను."

"ఏ పనికి అన్నది కూడా రాయండమ్మా. లేకపోతే మా ఇంట్లో అర్థం కాదు."

డాక్టరు ఆమెని ఓ క్షణం చూసింది. నవ్వలేదు. రాసింది.

వైద్యం ఖర్చుకీ, సెలవు జీతానికీ యాజమాన్యం నెల తర్వాత ఒప్పుకుంది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన సాయంత్రం భర్త ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. 'ఆరువారాలపాటు కుడిచేత్తో ఏ పనీ చేయరాదు, ఇంటిపని సహా.' కింద సంతకం, ముద్ర.

"ఇంటిపని కూడానా? అదీ వీళ్లే చెప్తారా?" అన్నాడు. గుమ్మంలో కూర్చున్న అత్తగారు వంటింటివైపు చూసింది. కాసేపు ఇల్లంతా ఎవరో లేస్తారని చూస్తున్నట్టు ఉండిపోయింది.

ఇంటర్ చదువుతున్న కూతురు పుస్తకం మూసింది. లేచి, చున్నీ నడుముకి బిగించి, వంటింటివైపు నడిచింది. అచ్చం తల్లిలాగే. కట్టులో ఉన్న భుజం కంటే లోపల ఎక్కడో ఎక్కువగా కలుక్కుమంది ఆమెకి.

"ఆగమ్మా," అంది. "నువ్వు కాదు. వెళ్లి చదువుకో."

తర్వాత భర్తవైపు తిరిగింది.

"బియ్యం డబ్బా కింది అరలో ఉంది. లేవండి, ఎన్ని నీళ్లు పొయ్యాలో ఇక్కణ్నుంచే చెప్తాను."