నేను మోసిన చీటీలు

నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఒత్తులు తప్పితే దిద్దుకోండి. నా చెయ్యి నిదానం, ఇది రాయడానికే పది రోజులు పట్టింది.

పెళ్లయిన రెండో ఏడు మా ఆయన నన్ను పరాయి దేశం తీసుకెళ్లాడు. ఆయన పెద్ద హోటల్లో వంటవాడు. నన్ను అదే హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనికి కుదిర్చాడు. ఆయన ఉద్యోగం మీదే నేను అక్కడ ఉండాలి. ఆయన వద్దంటే మర్నాడే విమానం ఎక్కాలి. ఎక్కితే దిగేచోటు లేదు. అమ్మ పోయింది, వదిన గడప తొక్కనివ్వదు.

ఇస్త్రీ గదికి పెద్ద మన తెలుగావిడే. అక్కా అని పిలిచేదాన్ని. అప్పట్లో చేతి ఫోన్లు లేవు. వారానికి రెండుసార్లు మా ఆయన మడిచిన చీటీ ఇచ్చేవాడు. "అక్కకివ్వు. నా కోటుకి మరకలు పోవట్లేదని రాశా." అక్క చదివి, వెనక ఏదో రాసిచ్చేది. "మీ ఆయనకి చాదస్తం ఎక్కువే" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

ఈ మరకల గొడవ ముదిరి నా పని ఊడుతుందేమోనని ఒకరోజు భయమేసింది. చిరిగిన దుప్పట్లు కుట్టే ఇంకో తెలుగావిడని పిన్నీ అనేదాన్ని, ఆవిడకి చీటీ చూపించాను.

"మీ ఆయన రాత ఎంత పొందిగ్గా ఉందే" అని మొదలుపెట్టి, ఆగిపోయింది.

"నన్ను తీసేస్తారా పిన్నీ?"

పిన్ని గొంతు తగ్గించి చదివింది. "మంగళవారం అది సాయంత్రం దాకా పనిలో ఉంటుంది. తాళం చెవి గుమ్మం మీద పెడతా. తినకుండా రా, నేనే వండుతా."

ఇంట్లో ఆయన గరిటె ముట్టి ఎరగడు.

"చింపి పారెయ్. ఇద్దర్నీ నాలుగు దులుపు" అంది పిన్ని.

"దులిపితే మంగళవారానికి నేనెక్కడుంటాను?"

పిన్ని సూదిలో దారం ఎక్కించుకుంది.

చీటీని పాత మడతల మీదే మడిచి అక్క చేతిలో పెట్టాను. మంగళవారం సాయంత్రం దాకా పనిచేశాను.

తర్వాత ఏడాది పైన తెలిసే మోశాను. చీటీ ఉన్నన్నాళ్లు నాతో అవసరం ఉంటుంది, పంపించెయ్యడు. నాలుగు రోజులు చీటీ రాకపోతే నాకు అన్నం దిగేది కాదు. ఒక పొద్దున ఆయన బూట్లు తొడుక్కుంటుంటే వెనక నిలబడి అడిగేశాను.

"ఇవాళ అక్కకి ఏం లేదా?"

ఆయన తలెత్తి నా మొహం చూశాడు. నాకు తెలుసని అప్పుడే తెలిసింది ఆయనకి.

"ఇక చీటీలతో పని లేదులే" అన్నాడు.

ఆ ఆదివారం పెట్టె సర్దుకుని ఆవిడ దగ్గరికి వెళ్లిపోయాడు. నేనా దేశంలో ఉండే కాగితాల మీద ఏడాదికోసారి సంతకం పెట్టేవాడు. ఆ సంతకం కోసం పదకొండేళ్లు ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాను. ఒక్కోసారి లోపల్నించి తాలింపు వాసన వచ్చేది.

ఆయన పోయినప్పుడు ఆసుపత్రివాళ్లు భార్య ఎవరని అడిగారు. వేలిముద్ర నేనే వేశాను. అక్క గోడకి ఆనుకుని ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. వచ్చే ఏడు సంతకం ఎవరు పెడతారన్నదే నా గుండెలో కొట్టుకుంటోంది.

ఎవరూ పెట్టలేదు. నెలాఖరుకి పంపించేశారు.

ఇట్లు,
దుప్పట్లమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉండేది ఆసుపత్రి బట్టలు ఉతికే షెడ్డు వెనక గదిలో.