ఎల్లాజీ పడవకి ఎదురు

వేటకెళ్ళిన ఎల్లాజీ పడవ ఆకాశంలో ఆగి ఉంది. ఊళ్ళోంచి తలెత్తి చూస్తే దాని అడుగు మాత్రమే కనిపిస్తుంది. మొదట్లో అది పనసకాయంత ఉండేది. అప్పుడు అతుకుల మీద తారు మరకలు కూడా తెలిసేవి. ఆ తారు పూసింది నూకరత్నమే కాబట్టి అది తన మొగుడి పడవేనని ఆమెకి అనుమానం లేదు.

పనసకాయ దోసకాయంత అయింది. ఇప్పుడు గుమ్మడిగింజంత ఉంది. ఊరివాళ్ళు తలెత్తి చూడ్డం మానేసి ఎల్లాజీకి దినాలు చేసేశారు, నూకరత్నం గాజులు తీయించారు. ఆ గింజ కూడా కనపడకుండా పోయేలోగా అక్కడికి చేరుకోవాలని నూకరత్నం విమానం నడపడం నేర్చుకుంటోంది.

విమానం చిన్నది. ఇద్దరు పడతారు. చేపలు ఎండబెట్టే దిబ్బ మీద ఉంటుంది. నేర్పే రజియా మేడమ్ పొద్దున్నే రన్‌వేని చాపలా చుట్టి చంకలో పెట్టుకొస్తుంది. ఇసుక మీద పరిచి, కొసలు లేవకుండా రాళ్ళు పెడుతుంది. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి వెదురు కర్రకి నూకరత్నం తన ఎర్ర రవిక చేయి చింపి కట్టి ఉంచింది.

ఆడపడుచు మాసేనమ్మ చేపలు తిరగేస్తూ నవ్వుతుంది.

"ఏటి వదినా, బస్సెక్కితేనే నిమ్మకాయ వాసన చూస్తావు. ఇమానానికి నిమ్మతోట కావాలేటి?"

"మీ అన్న దిగొస్తే నానెక్కక్కర్లేదు."

"అన్నం చల్లారిపోతందని పిలిస్తేనే రాని మనిషి, ఆకాశంలోంచి వస్తాడా?"

నూకరత్నానికి పని బాగానే వచ్చింది. సీటు ముందున్న కర్ర వెనక్కి లాగితే విమానం ముక్కెత్తుతుంది, ముందుకి తోస్తే వంచుతుంది. కానీ రోజూ ఒకటే తప్పు చేస్తోంది. పరుగు మొదలయ్యేసరికి గాలిని వీపున పెట్టుకుంటోంది. విమానం చాప పొడుగునా పరుగెత్తి పరుగెత్తి, లేవకుండానే ఊరి వైపు కొసన ఆగిపోతోంది.

"గాలికి ఎదురెళ్ళాలమ్మా," అంటుంది రజియా. "ఎదురెళ్తేనే రెక్కలు దాని మీద ఆనుకుని లేస్తాయి."

"నాను ఎవరికీ ఎదురు రాకూడదు మేడంగారూ."

అదీ నిజమే. మొగుడు పోయిన ఆడది వేటకెళ్ళే పడవకి ఎదురొస్తే వల ఖాళీగా వస్తుందని ఆ ఊరి పట్టింపు. గాజులు తీసిన దగ్గర్నుంచి నూకరత్నం గోడవారగా నడుస్తోంది. ఎవరైనా బయల్దేరుతుంటే తలుపు చాటుకి తప్పుకుంటోంది. ఆమె ఒళ్ళు అలా తప్పుకోవడానికే అలవాటు పడింది. విమానంలో కూర్చున్నా చేయి దానంతటదే పక్కకి తిప్పేస్తోంది.

రజియా వెదురు కర్రకి కట్టిన రవిక చేయి వంక చూస్తుంది. అది ఊరి వైపు ఎగురుతోంది.

"ఈ గాలి వేటకి వెళ్ళడం లేదు. వేట నుంచి తిరిగొస్తోంది. తిరిగొచ్చేవాళ్ళకి ఎదురెళ్తే తప్పేముంది?"

నూకరత్నం ఆలోచిస్తుంది. తిరిగొచ్చేవాళ్ళ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఇద్దరి బరువుతో అంత ఎత్తు అందదు," అని రజియా దిగిపోతుంది. దిగాక వెనక్కి వంగి, సీటులో ఉండిపోయిన తన నీడని కూడా తీసి, మడిచి జేబులో పెట్టుకుంటుంది. మాసేనమ్మ చేపలొదిలేసి కిటికీ దగ్గరికి వస్తుంది. ఇప్పుడు నవ్వడం లేదు.

"వదినా, అన్నం తిన్నాడో లేదో అడుగు."

నూకరత్నం విమానం ముక్కుని గాలికి ఎదురుగా తిప్పుతుంది. గాలి ఆమెని చూస్తుంది. పక్కకి తప్పుకోదు, మొహం తిప్పుకోదు. అలాగే వస్తుంది. విమానం నేల వదిలేస్తుంది.

గుమ్మడిగింజ దోసకాయవుతుంది. దోసకాయ పనసకాయవుతుంది. పనసకాయ పడవవుతుంది, అయినా పెరగడం మానదు. కొండంత అవుతుంది. నూకరత్నం తారు అతుకుల పక్కనుంచి చాలాసేపు పైకి పోయి, అంచు దాటి లోపలికి చూస్తుంది.

ఎల్లాజీ వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. అతని పాదాలు మబ్బుల్లో ఉన్నాయి. మోకాళ్ళ మీద వాన పడుతోంది. నూకరత్నం పిలుస్తుంది. ఆమె గొంతు అతని చెవి దాకా పోవడానికి ఒక పూట పడుతుంది. అంతసేపు గాల్లో తిరుగుతూ ఉండడం కుదరదు. దిగాలి.

దిగడానికి కూడా గాలికి ఎదురే వెళ్ళాలి. ఇక్కడ గాలి ఎటు నుంచి వస్తోందో తెలుసుకోవడానికి రవిక చేయి అక్కర్లేదు. వెచ్చగా, చుట్ట వాసనతో, అతని ముక్కులోంచి వస్తోంది.

ఆమె ఆ ఊపిరికి ఎదురు తిరుగుతుంది. అతని ఛాతీ మీద వెంట్రుకలు రెల్లుగడ్డిలా రెండు పక్కలా వంగి దారిస్తాయి. చక్రాలు తగులుతాయి. కింద గుండె కొట్టుకుంటుంది, ఆ కుదుపుకి విమానం ఎగిరి మళ్ళీ దిగుతుంది. మళ్ళీ కొట్టుకుంటుంది, మళ్ళీ ఎగురుతుంది. నూకరత్నం కర్రని పొట్టకి ఆనించి పట్టుకుంటుంది. గడ్డం చాలా దూరంలో, పొద్దు పొడవని ఊరిలా ఉంది. అతనికి మెలకువ వస్తున్నట్టు, దాని మీద ఎవరో ఒక్కొక్కటే దీపాలు వెలిగిస్తున్నారు.