ముందు మూట, వెనక మూట

ఆ ఇంట్లో లారీ నడిపేది కోడలు, బట్టలు సర్దేది అత్త. పోయేటప్పుడు ఎడారి దారి, వచ్చేటప్పుడు మంచు కనుమ. కేబిన్‌లో ఒక్క మూటకే చోటు. అందుకని నూలుబట్టల ముందు మూట కేబిన్‌లోకి, ఉన్నిబట్టల వెనక మూట సరుకు అడుగుకి పోయేవి. అవతలి ఊళ్లో సరుకు దింపాకే ఉన్నిమూటకి వెలుగు.

ఆ రోజూ అత్త అలాగే కట్టింది. సరుకెక్కింది, తాళ్లు బిగించారు, సీలు పడింది. అప్పుడొచ్చాడు గుమాస్తా, నిమ్మకు నీరెత్తినట్టు.

"ఇసుక తుఫానంట, ఎడారి దారి రేపటిదాకా మూసేశారు. కనుమ మీదుగా పోయి, వచ్చేటప్పుడు ఎడారి చూసుకోండి."

అత్త కోడలి వైపు చూసింది. పోయిన చలికాలమే ఈ పిల్లకి నిమ్ము చేసి, చావు తప్పి కన్ను లొట్టపోయింది. కేబిన్‌లో హీటరా, పేరుకే.

"సీలు విప్పించు నాయనా, మూట అడుగునుంది."

"విప్పి కట్టేసరికి పొద్దుగూకుతుంది పెద్దమ్మా. కనుమ గేటు వేసేస్తారు. రేపటికి ఆసుపత్రికి మందులందాలి."

"ఒక్క రాత్రేగా అత్తా, ఓర్చుకుంటాను," అంది కోడలు.

"నీవేమన్నా ఇనప ఊపిరితిత్తులా? నోర్ముయ్!"

వాళ్ల వేడి ఊళ్లో స్వెట్టరు అడగడం పులిపాలు అడగడమే. అత్త ముందు మూటని అక్కడే నేలమీద బోర్లించింది. చొక్కా మీద చొక్కా తొడిగింది, మధ్యన పాత పేపర్లు కుక్కింది. కోడలు స్టీరింగు పట్టుకుంటే మోచెయ్యి వంగలేదు.

"ఇది డ్రైవరా, దిండా?" అన్నాడు హమాలీ ఒకడు.

"నువ్వు తాళ్లు చూసుకోవోయ్!" అంది అత్త.

గుమాస్తా కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ కొట్టాడు. అత్త మళ్లీ చొక్కాల మీద పడింది. లోపలిది ఒక్కటి ఉంచి, పైచొక్కాలన్నింటి చేతులూ పరపరా చింపేసింది. గుండె మీద మందం నిలిచింది, చేతులు ఆడాయి. చింపిన చేతుల్నే మెడకి చుట్టింది.

"ఇప్పుడు పో. దగ్గొస్తే గేటు దగ్గరే ఆగిపో, మందుల సంగతి వాళ్లు చూసుకుంటారు."

లారీ కదిలింది. ఆవిడ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మర్నాడు ఫోను మోగితే పరిగెత్తబోయి, గుమ్మం తగిలి కాలివేలు చితక్కొట్టుకుంది.

"అత్తా, దాటేశాను. మందులు దింపేశాను."

"దగ్గేదీ, ఒకసారి దగ్గు."

"రాకుండా ఎలా దగ్గమంటావ్?"

"అయినా దగ్గు!"

కోడలు దగ్గింది, పొడిగా, దొంగదగ్గు. అత్త చెవి ఆనించి చివరిదాకా విన్నది. గరగర లేదు.

"సరే, ఉన్నిమూట ఇంకెందుకు, అక్కడే ఎవరికన్నా ఇచ్చెయ్," అనేసి, మళ్లీ గాభరాగా, "వద్దొద్దు, ఏ దారి ఎప్పుడు మూస్తారో! రెండు మూటలూ నీ పక్కనే పెట్టుకో, నువ్వు ముడుచుకుని కూర్చున్నా సరే," అంది.