తేట ఎవరిది

సీసాల అడుగులు బ్రష్షుతో తోముతుంటే గరాజ్‌లోంచి మా ఆయన వెండెల్ కేకేశాడు. "నదీన్, కర్టిస్ వచ్చాడు. రెండు గ్లాసులు పట్రా." చేతులు తుడుచుకుని తీసుకెళ్ళాను.

బీరులో వేసే హాప్ పువ్వు కోతలప్పుడు మా ఊరు యాకిమాలో కిటికీలు మూసినా ఆ వాసన ఇంట్లోకి వస్తుంది. మా వీధిలో సగం గరాజ్‌లలో బీరు పులుస్తూనే ఉంటుంది. ప్రతి ఇంట్లోనూ ఆ బీరు మగవాడిదే అంటారు. మా ఇంట్లోనూ అంతే. ధాన్యం నానబెట్టి, వడగట్టి, కాచి, చల్లార్చి, ఈస్ట్ వేసి, జాడీని వారాల తరబడి కనిపెట్టుకున్నది నేను. పులవడం ఆగాక వాసన కోసం ఎండిన హాప్ పువ్వుల్ని గుడ్డసంచిలో కట్టి జాడీలోకి దించాలి. ఆ రోజు మాత్రం వెండెల్ తన బీరు కాచేవాళ్ళ క్లబ్బు వాళ్ళందర్నీ పిలిచాడు. ఒక్క నిమిషం పని. అందరూ జాడీ మూతిలో ముక్కు పెట్టారు. "ఏం వాసనరా బాబూ! చెయ్యి తిరిగినవాడివి" అని కర్టిస్ వెండెల్ వీపు చరిచాడు. నేను వాళ్ళకి శాండ్‌విచ్‌లు కోస్తున్నాను.

సంచి తీసేసి జాడీని ఫ్రిజ్‌లో పెట్టింది నేనే. చలికి ఈస్టూ పువ్వుపొడీ అడుక్కి దిగి పేరుకుంటాయి. జాడీ కదపకుండా పైనుంచి గొట్టంతో తేట లాగాలి. పోయినేడు తేట లాగే వేళకి వెండెల్ జాడీ ఎత్తి తన తమ్ముడికి చూపించాడు. మడ్డంతా లేచింది. మళ్ళీ దిగనిద్దామన్నాను. "క్లబ్బు పోటీకి రెండు వారాలే ఉంది, సీసాల్లో నురగ పట్టాలిగా, పోసెయ్" అన్నాడు. పోశాను. పోటీలో బీరు మసకగా ఉందన్నారు. వెండెల్ క్లబ్బు వాళ్ళందరి ముందూ నవ్వాడు. "బీరు నాదే. సీసాలు నింపింది మా ఆవిడ." అందరూ నవ్వారు. కారులో మా అత్తగారు లొరేన్ నా మోకాలు తట్టి, "పాపం వాడంత కష్టపడ్డాడు. నువ్వు కాస్త చూసి పొయ్యాల్సిందమ్మాయ్" అంది. వెండెల్ రోడ్డు చూస్తూ కారు నడిపాడు. బాగుంటే అతనిది, మడ్డి ఉంటే నాది. కూరైనా అంతే, పిల్లల మార్కులైనా అంతే. నాకు ఏడుపు రాలేదు. ఆ కారు డోరు తీసి, నడుస్తున్న కారులోంచి దిగిపోవాలనిపించింది.

ఈసారి వాళ్ళిద్దరూ గరాజ్‌లో తాగుతుండగా వంటింట్లో ఫ్రిజ్ దగ్గరే సీసాలు పేర్చాను. నురగ పట్టడానికి సీసాకింత చక్కెర వేసి, గొట్టం మొన మడ్డికి తగలకుండా పట్టుకుని తేట మొత్తం నింపి మూతలు బిగించాను. ఇక మడ్డి దగ్గరపడిందనగా గొట్టం నొక్కి ఆపేశాను.

వెండెల్ గ్లాసుతో వచ్చాడు, వెనకాల కర్టిస్. "అంత వదిలేశావేం? జాడీ వంచు. ఇంకో నాలుగు సీసాలొస్తాయి."

"మడ్డి వస్తుంది."

"చూశావా కర్టిస్, నాకు బీరు నేర్పుతోంది."

గొట్టం అతని చేతికిచ్చాను. వంచాడు. నాలుగు సీసాలు నిండాయి. కర్టిస్ ఒకటెత్తి వెలుతురుకి పట్టి చూశాడు. అవతలి వైపేమీ కనబడలేదు. దించి పక్కన పెట్టాడు.

"పోటీకి వీటిలో ఏవి ఇద్దాం?" అన్నాడు వెండెల్, నేను నింపిన సీసాలకేసి చెయ్యి చాపుతూ.

"అవి నా పేరున వెళ్తున్నాయి. నిన్న క్లబ్బులో చేరాను. నువ్వు నింపినవి నీ పేరున ఇచ్చుకో."

కర్టిస్ గ్లాసులోకి చూస్తున్నాడు. వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి.

"నలుగురూ నవ్వుతారు నదీన్. ఒక ఇంటికి ఒక పేరు చాలదా?"

"చాలు," అన్నాను. "నాదే ఉంటుంది."