పోప్ గారి మకాం

తంజోంగ్ పగార్ రేవు దగ్గర ఓడల వంటవాళ్లకు బియ్యం, పప్పులు అమ్మే జనార్దనరావు, దుకాణాన్ని ఊరికి ఆ చివరనున్న జురాంగ్ ఈస్ట్‌కు మార్చాలా వద్దా అని తేల్చుకోలేక సతమతమవుతున్నాడు. ఓడల బేరాలు పలచబడ్డాయి. కంప్యూటర్ల గిరాకీ పుణ్యమా అని హైదరాబాదు నుంచి దిగిన కుర్రాళ్లు అటువైపే ఫ్లాట్లు తీసుకుని గోంగూర పచ్చడికి మొహం వాచి ఉన్నారు.

ఈ ఊపు ఉన్నన్నాళ్లు అక్కడ నడిపి, తగ్గగానే వెనక్కి రావచ్చని అతని లెక్క. అంతదాకా పాత కొట్టు బావమరిది సీతారామారావు చూసుకుంటాడు. చిక్కల్లా బోణీ దగ్గరే. పొద్దుటి మొదటి బేరం సొమ్ము జనార్దనరావు చేతిలో పడందే ఆ కొట్టులో రెండో బేరం ఉండదు. దానికీ బావమరిది దారి చూపించాడు. బావ పేరు తలచుకుని తానే అందుకుంటానన్నాడు.

ఒక ఆదివారం, జనార్దనరావు ఫ్లాట్‌లో గది అద్దెకున్న కాత్యాయని బల్ల మీద ఒక కోట బొమ్మ పరుచుకుని కూర్చుంది. గుంటూరు పిల్ల, ఇక్కడి యూనివర్సిటీలో చరిత్ర మీద పరిశోధన. కోట ఎవరిదని అడిగితే పోప్‌లదంది. పోప్ ఉండేది రోమ్‌లో కదా అన్నాడతను. ఒకప్పుడు రోమ్‌లో కొట్లాటలకు జడిసి, ఫ్రాన్సు రాజు ఒత్తిడికి లొంగి, అవిన్యోన్ అనే ఊళ్లో మకాం పెట్టారనీ, దాదాపు డెబ్బై ఏళ్లు అక్కడే ఉండిపోయారనీ చెప్పింది.

జనార్దనరావుకు ఆసక్తి పుట్టింది. కుర్చీ లాక్కున్నాడు. రాబడి పడిపోయిందా అని అడిగాడు. పెరిగిందట. మరి రోమ్‌లో పూటకూళ్లవాళ్ల గతి? ఊరే పాడుబడిందట.

"వెనక్కి పోదామనే అనుకునేవాళ్లు అంకుల్. పేరుకి రోమ్ బిషప్పులే కదా."

"పోయేవాడు గోడకి సున్నమైనా వెయ్యడమ్మాయ్. ఇంత కోట కట్టాడంటే ఇంకెక్కడికి పోతాడు?"

ఆమె నవ్వి మిగతాది చెప్పింది. చివరికి ఒకాయన రోమ్ చేరి, మరుసటి ఏడే కన్నుమూశాడు. ఆ తర్వాత ఇద్దరు పోప్‌లు తయారయ్యారు. రోమ్‌లో ఒకరు, అవిన్యోన్‌లో ఒకరు. ఏ రాజు ఎవర్ని నమ్మితే వాళ్ల జనం వాళ్లకే కానుకలు కట్టారు.

"ఇద్దర్లో దొంగ ఎవడు?"

"ఇద్దరూ తామే అసలనుకున్నారు అంకుల్. చిక్కంతా అదే."

దొంగైతే జనార్దనరావుకు భయం లేదు, అలాంటివాళ్లను చాలామందిని చూశాడు. సీతారామారావు బంగారంలాంటి మనిషి. ఆ మంచి మనిషే రెండేళ్లు బోణీ అందుకుంటే, వంటవాళ్లు అతన్నే తౌకే, అంటే షావుకారు, అని పిలవడం మొదలుపెడితే, తిరిగొచ్చిన తాను ఎక్కడ కూర్చుంటాడు? లేవమని ఏ నోటితో అంటాడు?

మర్నాడు రైలెక్కి కొట్టుకు వెళ్లాడు. ఈ కొట్టు ఇక నీదే, బోర్డు మీద నీ పేరు రాయించు, బోణీ నీ చేత్తో నీ పేరు మీదే అందుకో అని బావమరిదితో అన్నాడు.

సీతారామారావు మొహం వాడిపోయింది. "నేనేం తప్పు చేశాను బావా?"

"ఏమీ చెయ్యలేదు. ఇద్దరం చెయ్యకముందే తెంచుకుంటున్నాను."

సీతారామారావు బస్తా మూతి విప్పి, మళ్లీ కట్టాడు. "జురాంగ్‌లో సాగకపోతే వెనక్కొస్తారుగా?"

జనార్దనరావు చుట్టూ చూశాడు. ఇన్నేళ్లలో ఇంత ఖరీదైన బేరం చెయ్యలేదు.

"వస్తాను. కౌంటరుకి ఇవతల నిలబడి, కందిపప్పు ఎలా ఇస్తున్నావయ్యా అని అడుగుతాను."