ప్రార్థన అంశం: ఆషెర్ ఆరోగ్యం

మా ఆషెర్ తొమ్మిదో తరగతి. లావు. ఇంట్లో ఆ మాట వాడకూడదని మా అత్తగారు జీవమణిగారి శాసనం. "దిట్టంగా ఉన్నాడు" అనాలి. వాళ్ళ పీటీ సారుకు మాత్రం అత్తగారంటే భయం లేదు. గ్రౌండ్ చుట్టూ ఆగకుండా పరిగెత్తితేనే ఫుట్‌బాల్ టీంలోకి తీసుకుంటానని మొహం మీదే చెప్పేశాడు. ఆ సాయంత్రమే వాడు దాచుకున్న చిప్స్ ప్యాకెట్లన్నీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. టీం మీద అంత ఆశ.

అత్తగారు కూడా సాయం చేద్దామనుకున్నారు. బుధవారం గృహ ప్రార్థనలో పాస్టరు అయ్యగారు ప్రార్థన అంశాలు అడిగితే, లావని చెప్పడం నామోషీ గనక, "మా మనవడి ఆరోగ్యం కోసం" అన్నారు, కళ్ళొత్తుకుంటూ.

ఆ కన్నీళ్ళు చూసి పిల్లాడికి ఏదో పెద్ద జబ్బే చేసిందనుకున్నారు అందరూ. అప్పట్నుంచి ప్రార్థన ఎవరింట్లో జరిగినా మొదటి ప్లేటు వాడికే.

"తిను బిడ్డా, మొఖం ఎట్ల పీక్కపోయిందో సూడు," అనేది మా సంఘంలోని కుసుమకుమారక్క, పీక్కుపోయే అవకాశమే లేని బుగ్గ నిమురుతూ.

ప్రార్థించి పెట్టిన ఫలహారం వద్దంటే ఇంటివాళ్ళను వద్దన్నట్టే. ఎస్.ఆర్. నగర్‌లో బజ్జీలు తిన్నాడు, ఎర్రగడ్డలో కేకు తిన్నాడు. గ్రౌండ్‌లో సగం దూరానికే కూలబడ్డాడు.

నిన్న ప్రార్థన కూడిక పంజాగుట్టలో, కుసుమకుమారక్క ఇంట్లో. అంశాలు అడగ్గానే అత్తగారి కంటే ముందు ఆషెర్ లేచాడు.

"నాకు జబ్బేం లేదు అయ్యగారూ. లావున్నా, అంతే. టీంలో ఆడాలి. ఆంటీవాళ్ళు నాకు సమోసాలు పెట్టకుండా ప్రార్థన చేయండి."

అత్తగారు ముసుగు ముక్కుదాకా లాక్కున్నారు. అయ్యగారు నవ్వును దగ్గులో కలిపేసి, విన్నది విన్నట్టే దేవుడికి విన్నవించారు.

"గీ ముచ్చట ముందే చెప్పొద్దా జీవమణమ్మా?" అంది కుసుమకుమారక్క. వాడికి జామకాయ కోసిచ్చింది. వాడి వంతు సమోసాలు పాడవకూడదని నా ప్లేటులో వేసింది. వద్దంటే బాగుండదు కదా.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రో మెట్ల దగ్గర వాడు ఆగలేదు.

"నడుద్దాం మమ్మీ."

అత్తగారు ఆటో ఎక్కారు. అమీర్‌పేట దాకా వాడు ముందు, నేను వెనక. ఒక్కచోటా ఆగలేదు. మా సందు మొదట్లో వెనక్కి తిరిగి, "ఏమైంది మమ్మీ?" అన్నాడు.

కరెంటు స్తంభం పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాను.

"వచ్చే బుధవారం నా ఆరోగ్యం కోసం కూడా చెప్పు," అన్నాను.