ఇద్దరల్లుళ్ళు, రెండు సున్నాలు

మా తోడల్లుడు స్కానింగ్ గదిలోంచి ఈల వేసుకుంటూ బయటికొచ్చాడు. ఆ ఈలకే నా కడుపు మండింది.

మమ్మల్ని అక్కడికి తోలింది మామగారు. ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో ఇద్దరం పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాం.

"పైకి గుర్రాల్లాగే ఉన్నారు. మా తమ్ముడూ అలాగే ఉండేవాడు, కాఫీ తాగుతూ తాగుతూ పోయాడు. గుండె చూపించుకు రండి. గట్టిగా ఉన్నవాడికే ప్రెస్సు తాళాలు," అన్నారు.

నాకేం భయం? రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాను. వాడు ఒక్క అంతస్తుకి కూడా లిఫ్టు కోసం పది నిమిషాలు నిలబడే రకం. అయినా అత్తగారికి వాడంటేనే ప్రాణం. పెద్దల్లుణ్ణి నేనైతే, మొదటి కప్పు కాఫీ వాడికి.

మర్నాడు రిపోర్టులు ఎవరివి వాళ్ళకి విడిగా ఇచ్చారు. అందులో ఉన్నది గుండె రక్తనాళాల్లో కాల్షియం ఎంత పేరుకుందో చెప్పే అంకె. సున్నా అయితే మంచిది. నాది మూడువందల పన్నెండు.

"నాకు నొప్పి లేదు, ఆయాసం లేదు!"

"అవి రాకముందే డాక్టర్ని కలవండి," అంది నర్సు.

సాయంత్రం ప్రెస్సులో మామగారు అడిగారు. నేను నోరు తెరిచేలోపే వాడు "సున్నా!" అన్నాడు. నాకు ఒళ్ళు భగ్గుమంది. ఆ పొట్టకి సున్నానా?

"నాదీ సున్నాయే," అన్నాను.

"కాగితాలేవి?"

"ఇంట్లో ఉన్నాయి." ఇద్దరం ఒకేసారి అన్నాం.

మామగారు తాళాలు మళ్ళీ జేబులో వేసుకున్నారు.

వారం రోజులు వాడి సున్నా నాకు ముద్ద దిగనివ్వలేదు. చివరికి మా ఆవిడకి కూడా చెప్పకుండా గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వరండాలో, పేపరు వెనకాల, అదే పొట్ట!

పేపరు లాగేశాను.

"నువ్విక్కడేంటి?"

"నువ్వేంటన్నయ్యా? సున్నాకి కూడా మందులిస్తారా?"

"ముందు నీదెంతో చెప్పు."

వాడు తల దించుకున్నాడు. "రెండువందల తొంభై."

నాకంటే ఇరవై రెండు తక్కువ! ఇక్కడా వాడిదే పైచేయి.

"నాది మూడువందల పన్నెండు."

వాడు గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇది దాచే విషయం కాదన్నయ్యా. మామగారికి ఎవరు చెప్తారు?"

"నువ్వే. మొదట సున్నా అన్నది ఎవరు?"

"పెద్దల్లుడివి నువ్వు. నువ్వుండగా నేను నోరు విప్పితే ఏం బావుంటుంది?"

పన్నెండేళ్ళలో వాడి నోట 'పెద్దల్లుడు' అన్న మాట రావడం అదే మొదటిసారి.

"ఏడిశావ్," అని ఫోను తీశాను.